మంట తెలియని చెయ్యి

జనవరి 5, 2025, ఆదివారం

ఇవాళ రెండు పుస్తకాలు కొన్నాను. చిన్నది లిడియా మేడమ్‌ కోసం. నా చేతికి ఫిజియోథెరపీ చేసే ఆవిడ. రోజూ నొప్పి పదిలో ఎంతుందో అందులో అంకె వేసి, వారానికి రెండుసార్లు ఆమెకి చూపించాలి. పెద్దది ఇది. దీన్ని ఎవరికీ చూపించే పని లేదు కాబట్టి ఇందులో నిజం రాసుకోవచ్చు.

నిజం ఏమిటంటే, షూటింగ్ క్లబ్బులో ఇరవై షాట్లు కొట్టేసరికి బొటనవేలి మొదట్లో ఎవరో దబ్బనం గుచ్చి తిప్పినట్టయింది. ఇరవై ఒకటోది కొట్టలేదు. కొట్టలేక కాదు, టైమైపోయింది.

చిన్న పుస్తకంలో: 3.

ఈ చెయ్యి సంగతి ఒక్కసారి రాసి పెట్టుకుంటే మళ్ళీ మళ్ళీ తలుచుకోనక్కర్లేదు. పోయిన ఆగస్టులో కోల్డ్ స్టోరేజీలో పేర్చిన వరస మీద నుంచి ఒక మిర్చి బస్తా, మేం టిక్కీ అంటాం, జారింది. నలభై కిలోలకి పైనే ఉంటుంది. వదిలేస్తే కింద పడేది, అంతే. మిరపకాయలకి కాళ్ళు విరగవు కదా. నేను పెద్ద మొనగాణ్ణి కాబట్టి పట్టుకోబోయాను. బొటనవేలు వెనక్కి విరుచుకుపోయింది. లోపల లిగమెంటు సగం తెగిందన్నారు. రెండు నెలలు కదపకుండా ఉంచితే అతుక్కుంటుంది, ఉంచకపోతే మిగతా సగమూ తెగుతుంది, అప్పుడు ఆపరేషన్ చేసినా పిడికిలి మునుపటిలా బిగవదు అని డాక్టరు చెప్పి ఐదు నెలలైంది.

పిడికిలి లేకపోతే నేను లేను. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాని. ఇరవై రెండేళ్ళుగా నా పని టిక్కీలోంచి గుప్పెడు కాయ తీసి నొక్కి చూడడం. గలగలమంటే ఆరిన కాయ, మెత్తగా అణిగితే తేమ ఉన్నట్టు. షబ్బీర్ నొక్కి చెప్పాడంటే మళ్ళీ మిషను పెట్టి చూడరని యార్డులో పేరు. ఆదివారం ఎయిర్ పిస్టల్ పట్టుకునేదీ ఇదే పిడికిలి.

ఫిబ్రవరి 23న క్లబ్బు పోటీ ఉంది. అరవై షాట్లు, ఆరువందలకి. ఐదువందల నలభై కొట్టినవాళ్ళ పేరు మా కోచ్ జక్రయ్య సారు గోడ మీది బోర్డుకి ఎక్కిస్తారు. ఇప్పటికి ఆరు పేర్లున్నాయి. పోయినేడు నాకు 538 వచ్చింది. ఆ రెండు పాయింట్లు ఏడాది నుంచీ గొంతులో చేపముల్లులా ఉన్నాయి.

ఇంకా ఏడు వారాలుంది. అప్పటికి తగ్గిపోతుంది.

జనవరి 6

2. చాలా మంచి రోజు.

జనవరి 9

రెండు రోజులు ఏమీ రాయలేదు. యార్డులో రద్దీ. పెన్ను ఇప్పుడు చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి రాస్తున్నాను. ఇదే హాయిగా ఉంది. అలవాటు చేస్తే బడిపిల్లలు కూడా ఇలాగే రాస్తారు.

జనవరి 12, ఆదివారం

మా క్లబ్బు పాత పొగాకు గోదాము మేడ మీద. పది మీటర్ల హాలు, ఆరు లైన్లు. పొగాకు వాసన ఇంకా గోడల్లోనే ఉంది. జక్రయ్య సారు ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యారు. చర్చిలో ఆరాధన అయ్యాక పదిన్నరకి వచ్చి తాళం తీస్తారు. అప్పటికే నేను మెట్ల మీద కూర్చుని ఉంటాను.

తిరునాళ్ళలో బుడగలు పేల్చే రోజుల నుంచీ నాకు ఈ పిచ్చి ఉంది. కాకపోతే దానికి ఒక క్లబ్బు కూడా ఉంటుందని ముప్పై తొమ్మిదో ఏట తెలిసింది. వారమంతా లారీల హారన్లు, హమాలీల కేకలు, కొరబోయే ఘాటు. ఆదివారం పిస్టల్ ఎత్తి, ఊపిరి సగంలో ఆపితే, ఆ కాసేపు ఎవరూ నన్ను ఏమీ అడగరు. నలభై నాలుగేళ్ళ మనిషికి ఒక్క పూటలో అరవైసార్లు నిశ్శబ్దం దొరకడం చిన్న అదృష్టం కాదు. అందుకే ఈ చెయ్యి మీద నాకంత కోపం.

ఇవాళ ముప్పై కొట్టాను. సారు దగ్గరికొచ్చి, "ఎట్టుందిరా?" అన్నారు.

"తగ్గింది సార్."

"ఏదీ, వంచు."

వంచాను. నవ్వుతూ వంచాను. ఆయన నా చేతి వంక కాకుండా నా మొహం వంకే చూశారు. సైన్యంలో చేసినవాళ్ళతో ఇదే ఇబ్బంది.

జనవరి 17

పండగ సెలవులయ్యాక యార్డు తెరిచారు. గేటు బయట మైలు పొడుగున ట్రాక్టర్లు.

లిడియా మేడమ్ మాట విని ఇవాళ పొద్దున ఎడమ చేత్తో మొదలుపెట్టాను. మొదటి సరుకే వినుకొండ వైపు నుంచి వచ్చిన బసవమ్మది. ఏటా మా కొట్టుకే వేస్తుంది. ఎడమ చేత్తో గుప్పెడు కాయ తీసి చూసి, ఆమె చేతిలో పెట్టబోయాను. ఆమె చెయ్యి చాపలేదు.

"ఏంది సాయిబూ, ఎడం చేత్తో ఇస్తన్నావ్? నా కాయ అంత లోకువైపోయిందా?"

"చెయ్యి బాలేదమ్మా."

"బాలేకపోతే ఇంటికాడ కూకో. ఏడాది కష్టం తెచ్చి నీ ముందర పోస్తే ఎడం చేత్తో తీసి ఎడం చేత్తో ఇస్తావా? ఇంక ఈ సరుకు కలిసొచ్చిద్దా నాకు?"

చుట్టూ పదిమంది రైతులున్నారు. ఒక్కరూ ఆమె మాట తప్పనలేదు. తప్పని నేనూ అనుకోలేదు. మా ఇంట్లోనూ అంతే, పెట్టేదీ తినేదీ కుడి చేత్తోనే. కుడి చేత్తో మళ్ళీ గుప్పెడు తీసి ఇచ్చాను. ఆ తర్వాత సాయంత్రం దాకా కుడి చేతే. ఎన్ని టిక్కీలో లెక్కపెట్టలేదు.

చిన్న పుస్తకంలో: 2. రెస్ట్ ఇచ్చాను అని కూడా రాశాను.

జనవరి 21

మా ఆవిడ మెహర్ ముందు గదిలో మిషను కుడుతోంది కదా అని, పడగ్గదిలో లీటరు నీళ్ళ సీసా పట్టుకుని చెయ్యి చాపి క్యాలెండరు మీద ఇరవై ఆరో తేదీకి గురిపెట్టి నిలబడ్డాను. బరువు అలవాటు తప్పిపోకుండా. తలుపు దగ్గర ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"ఏందయ్యా అది? క్యాలెండరుకి నీళ్ళు పోస్తన్నావా?"

"కాదు. తాగుదామని."

"చెయ్యి చాపి ఆ మూలకి చూపిస్తా తాగుతారా ఎవరన్నా?"

సీసా నా చేతిలోంచి తీసుకుని మూత తీసి నోటికి అందించింది. "తాగు. తాగుదామన్నావుగా. మొత్తం తాగు."

మొత్తం తాగాను. పెళ్ళై పంతొమ్మిదేళ్ళయింది, ఆమెతో వాదన పెట్టుకోకూడదని నాకు తెలుసు.

జనవరి 24

2.

జనవరి 27

2. నిజానికి ఇక్కడ కూడా 2 అనే రాసుకుంటున్నాను. మనసులో అనుకుంటే తగ్గుతుందంటారు.

జనవరి 30, గురువారం

పరువు పోయింది. వివరంగా రాయాలి.

సాయంత్రం యార్డు నుంచి నేరుగా లిడియా మేడమ్ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళే ముందు సబ్బుతో రెండుసార్లు చెయ్యి కడుక్కున్నాను. ఆమె చిన్న పుస్తకం చూసి సంతోషించింది. "రెండులోకి వచ్చేశారండీ. రెస్ట్ ఇస్తే ఎంత తేడా ఉందో చూశారా షబ్బీర్ గారూ?" అంది. నేను వినయంగా తల ఊపాను.

నా చెయ్యి ఆమె రెండు చేతుల్లోకి తీసుకుని బొటనవేలి మొదట్లో పది నిమిషాలు నొక్కింది. నేను పళ్ళు బిగబట్టి పైన తిరిగే ఫ్యాను వంక చూస్తున్నాను. మధ్యలో ఆమె కళ్ళజోడు జారింది. సర్దుకుంది. కన్ను దురద పెట్టిందేమో, వేలితో తుడుచుకుంది.

అంతే. "అమ్మో!" అని లేచింది. కుళాయి దగ్గరికి పరిగెత్తింది. నీళ్ళు కొట్టుకునేకొద్దీ ఎక్కువైంది, ఎందుకంటే ఆ చేతులతోనే కదా కొట్టుకునేది. పాలు పోసి కడగండి మేడమ్ అని నేనే కిందికి పరిగెత్తి పాల ప్యాకెట్టు తెచ్చాను. పావుగంట తర్వాత, రెండు కళ్ళూ పండు మిరపకాయల్లా చేసుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ ఈ చేత్తో ఏం చేశారు?"

"ఏం లేదు మేడమ్. పెన్ను కూడా పట్టుకోలేదు."

"మరి నా కళ్ళల్లో ఏముందండీ?"

తేజ రకం మిర్చి. పొద్దుటి నుంచి మూడువందల టిక్కీల్లో మోచేతి దాకా దూర్చిన చెయ్యి.

యార్డులో పనిచేసే ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. ఆ ఘాటు సబ్బుకి పోదు. మా చేతులకి మాత్రం మంట తెలియదు, ఎప్పుడో చచ్చిపోయింది. మంట లేదు కాబట్టి కారం కూడా లేదనుకుంటాం. నేను ముట్టుకున్న గ్లాసు మెహర్ మళ్ళీ కడుగుతుంది. మాలో ఎవరూ పసిపిల్లల్ని ఎత్తుకోరు. అన్నీ తెలిసి, కడుక్కున్నాను కదా అని ఆమె చేతిలో చెయ్యి పెట్టాను.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. "వేలు ముందుకంటే వదులైంది, నాకు తెలుస్తూనే ఉంది. మీరేమో రెండు రాస్తున్నారు. ఇంక ఆ పుస్తకం తీసుకురావద్దండీ" అంది. బొటనవేలు కదలకుండా పట్టే ప్లాస్టిక్ స్ప్లింట్ ఒకటి తొడిగి పంపించేసింది.

దారంతా సిగ్గుతో చచ్చిపోయాను. పాపం, ఆ కళ్ళు.

జనవరి 31

స్ప్లింట్ యార్డు గేటు దగ్గర తీసి జేబులో పెట్టుకున్నాను. రైతులు అడుగుతారు, సమాధానం చెప్పడం కష్టం. సాయంత్రం మళ్ళీ గేటు దగ్గర తొడుక్కున్నాను. వాడుతున్నట్టే లెక్క.

ఫిబ్రవరి 2, ఆదివారం

సారు లోపలికి పిలిచి తలుపు వేశారు.

"ఒరేయ్ షబ్బీరూ, ఆ చెయ్యి పోయిద్దిరా."

"పోటీ అయ్యాక రెస్ట్ ఇస్తాను సార్."

"పోటీకే పోయిద్ది. నా మాట విని ఎడం చేత్తో మొదలెట్టు. పిల్లలు గురి నేర్చుకునే కార్డు కాడ్నించి రా మళ్ళీ. ఏముంది?"

ఏముందా? ఐదేళ్ళు పట్టింది నాకు 538కి రావడానికి. ఎడమ చేత్తో పళ్ళు తోముకోవడం కూడా రాదు. పైగా నా కుడి కన్ను గురి చూసే కన్ను. అవన్నీ చెప్పాను. గొంతు కూడా పెంచాను, ఆయన మీద. ఆయన నిదానంగా విని, "నీ ఇష్టం" అన్నారు. ఆ నీ ఇష్టం అనడం నాకు నచ్చలేదు.

ఆ వయసులో అన్నీ తమకే తెలుసనుకుంటారు.

ఫిబ్రవరి 5

లిడియా మేడమ్ దగ్గరికి వెళ్ళలేదు. ఖాళీ లేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

క్లబ్బుకి వెళ్ళాలనిపించలేదు. కూరగాయలకని బయలుదేరి గోదాము ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాను. పైనుంచి టప్, టప్ అని పెల్లెట్ గుళ్ళు కార్డులకి తగిలే చప్పుడు వినిపించింది. ఎవరు కొడుతున్నారో చప్పుడుని బట్టి చెప్పగలను. వంకాయలు మర్చిపోయి ఇంటికొచ్చాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

నలభై షాట్లకి 361! ఈ లెక్కన అరవైకి 541. సారు కార్డులు చాలాసేపు చూశారు. ఎంత సంతోషంగా ఉందంటే ఇంటికొచ్చి చొక్కా గుండీలు విప్పుకోవడం చేతకాక మెహర్‌ని పిలిచినప్పుడు కూడా ఈల వేస్తూనే ఉన్నాను.

ఆమె విప్పింది. ఒక్కో గుండీ విప్పుతూ నా బొటనవేలి వంకే చూసింది.

ఫిబ్రవరి 19

5.

తప్పు రాశాను. 3.

ఫిబ్రవరి 22

మా వీధి చివర ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళాను గానీ పలకరించడానికి వెళ్ళాను. బొటనవేలి దగ్గర స్పర్శ తెలియకుండా చేసే ఇంజెక్షన్ ఉంటుందా అని అడిగాను గానీ ఊరికే అడిగాను. పన్ను పీకేటప్పుడు చేసేదే, మూడు నాలుగు గంటలు ఉంటుందన్నాడు. రేపు పది గంటలకి రమ్మన్నాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

వేలికి కట్టు ఉంది. మెల్లగా రాస్తాను. ఇవాళ్టిది మొత్తం రాయాలి.

పదింటికి ఇంజెక్షన్ చేయించుకున్నాను. మెహర్‌కి చెప్పలేదు. పదకొండుకి లైను మీద నిలబడ్డాను. ఆరు నెలల తర్వాత మొదటిసారి నొప్పి లేదు. అసలు బొటనవేలే లేదు. పిస్టల్ గాల్లో దానంతట అది నిలబడ్డట్టుంది.

మొదటి పదికి 92. రెండో పదికి 91. మూడో పదికి 90. ఇంత బాగా జీవితంలో ఎప్పుడూ కొట్టలేదు. పక్క లైన్లవాళ్ళు తమ కార్డులు మానేసి నా కార్డు చూస్తున్నారు. నాలుగో పదిలో ఎనిమిది అయ్యాయి, డెబ్బై మూడు. అంటే ముప్పై ఎనిమిది షాట్లకి 346. ఇంకా ఇరవై రెండున్నాయి, నూట తొంభై నాలుగు చాలు. నిద్రలో కూడా కొడతాను.

పెల్లెట్ పెట్టుకోవడానికి పిస్టల్ బల్ల మీద దించాను. బల్ల మీద ఎర్రగా మరకలున్నాయి. ముందు మిరప రంగే అనుకున్నాను. నా బట్టల మీద ఎప్పుడూ ఉంటుంది కదా. వేలితో తుడిచాను. తడిగా ఉంది.

పిస్టల్ చెక్క పిడికి ఉన్న అంచు బొటనవేలి మొదట్లోకి దిగబడి ఉంది. స్పర్శ లేదు కాబట్టి ఎంత బిగిస్తున్నానో తెలియక, ప్రాణం పోయేలా బిగించి పట్టుకున్నానన్నమాట. తోలు చీలి రక్తం కారుతోంది. వేలు పక్కకి వాలిపోయి ఉంది, ఎవరిదో వేలులాగా. ఎన్ని షాట్ల నుంచి కారుతోందో నాకు తెలియదు.

నాకు భయం వేసింది. రక్తం చూసి కాదు. నా చెయ్యి ఇలా అయిపోతుంటే నాకు ఏమీ తెలియలేదే అని. ఇరవై రెండేళ్ళుగా మిర్చి మంట తెలియదు, అది సరే, కడుపు కోసం. ఇవాళ మాత్రం ఉన్న కాస్త స్పర్శనీ నేనే వెళ్ళి సూదితో పొడిపించుకుని చంపుకున్నాను. రేపు తెల్లారి ఈ పిడికిలి బిగవకపోతే టిక్కీలో కాయకీ నాకూ ఏం సంబంధం? మెహర్ ఎన్నాళ్ళని గుండీలు విప్పుతుంది?

చెయ్యి పైకెత్తాను. సారు వచ్చారు.

"ఆపేస్తున్నాను సార్."

ఆయన బల్ల చూశారు, కార్డులు చూశారు. "ఎంతలో ఉన్నావో తెలుసా?"

"తెలుసు సార్."

"ఇంకో ఇరవై రెండేరా."

"తెలుసు సార్."

ఆయన పిస్టల్ తీసుకుని పెట్టెలో పెట్టి మూతవేశారు. తన జేబు రుమాలు తీసి నా చేతికి చుట్టారు. చుడుతూ, "ముప్పై ఏళ్ళు నేర్పించా, లైను మీద నుంచి తనంతట తను దిగినోణ్ణి నిన్నే చూశా" అన్నారు. పొగిడారో తిట్టారో అర్థం కాలేదు. చిత్రం ఏమిటంటే మెట్లు దిగుతుంటే ఏడుపు రాలేదు. ఆకలేసింది. కింద బండి దగ్గర నాలుగు ఇడ్లీలు తిన్నాను, ఎడమ చేత్తో స్పూను పట్టుకుని. సగం చట్నీ చొక్కా మీద పోసుకున్నాను.

రెండింటికి ఇంజెక్షన్ పని అయిపోయింది. అప్పటి నుంచి నొప్పి. 9.

రెండు పుస్తకాల్లోనూ 9.

ఫిబ్రవరి 25

లిడియా మేడమ్ దగ్గరికి వెళ్ళి ఇంజెక్షన్‌తో సహా అన్నీ చెప్పేశాను. స్కానింగ్‌లో లిగమెంటు ఇంకా దారంలా వేలాడుతోంది, పూర్తిగా తెగలేదు.

"ఇంకో ఇరవై కొట్టుంటే ఆపరేషనేనండీ. ఆరు వారాలు ఈ స్ప్లింట్ స్నానానిక్కూడా తియ్యొద్దు. తీశారో, నాకు తెలిసిపోతుంది."

"ఎలా తెలుస్తుంది మేడమ్?"

"నాకు కళ్ళున్నాయండీ. మండటానికైనా."

ఆమె నవ్వేదాకా నేను నవ్వలేదు.

మార్చి 3

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. ఎవరూ చదవలేరు. నేను కూడా.

మార్చి 6

రంజాన్ రోజా ఐదో రోజు. యార్డులో అందరికీ స్ప్లింట్ చూపించి, "ఎడం చెయ్యి, ఏమనుకోవద్దు" అంటూ కాయ తీస్తున్నాను. రోజుకి వందసార్లు అంటున్నాను. కొందరు మొహం ముడుచుకుంటున్నారు, కొందరు వైద్యం చెబుతున్నారు. ఆముదం రాయమన్నవాళ్ళు నలుగురు, రాయొద్దన్నవాళ్ళు ఇద్దరు. ఆకాశం ఏమీ విరిగి పడలేదు. ఎవరూ సరుకు వెనక్కి తోలుకుపోలేదు.

ఎడమ పిడికిలికి తేమ ఇంకా తెలియడం లేదు. మంట మాత్రం బ్రహ్మాండంగా తెలుస్తోంది. ఈ చెయ్యి టిక్కీలోకి ఎప్పుడో గానీ వెళ్ళింది కాదు, కొత్త చెయ్యి కిందే లెక్క. సాయంత్రానికి నిప్పుల్లో పెట్టినట్టుంది. పెరుగులో ముంచుకుని కూర్చుంటే, ఇరవై రెండేళ్ళ క్రితం యార్డులో నా మొదటి రోజు గుర్తొచ్చింది. అప్పుడూ ఇలాగే ఏడ్చాను. ఎందుకో బాగుంది.

మార్చి 11

ఇంట్లో ఒక పెద్ద రహస్యం బయటపడింది.

ఇవాళ యార్డు నుంచి ముందే వచ్చాను. ఇఫ్తార్‌కి ఇంకా అరగంట ఉంది. మెహర్ వంటింట్లో పుచ్చకాయ కోస్తోంది. నేను వచ్చిన చప్పుడు వినలేదు. కత్తి ఎడమ చేతిలో ఉంది. టకటకటక, ఎంత వేగమంటే నాకు ముక్కలు పడటం తప్ప కత్తి కనపడలేదు. నన్ను చూడగానే కత్తి కుడి చేతిలోకి వచ్చేసింది. అంతే వేగంగా.

"అదేంది?" అన్నాను.

"ఏది?"

"ఎడం చేత్తో కోస్తన్నావు."

కత్తి కింద పెట్టింది. తర్వాత, "నాది ఎడం చెయ్యేనయ్యా. పుట్టినకాడ్నించీ" అంది.

చిన్నప్పుడు ఎడమ చేత్తో ముద్ద ఎత్తితే వాళ్ళమ్మ గరిటెతో వేళ్ళ మీద కొట్టేదట. బళ్ళో పలక లాగేసేవాళ్ళట. పెళ్ళిచూపులకి ముందు నెల రోజులు, టీ కప్పు కుడి చేత్తో అందించడం సాధన చేయించారట. ఆ కప్పు నేనే అందుకున్నాను. ఏమీ తెలియలేదు. గుడ్డ కత్తిరించడం, సూదిలో దారం ఎక్కించడం, కూర తరగడం, అన్నీ ఎవరూ లేనప్పుడు ఎడమ చేత్తోనేనట.

"పంతొమ్మిదేళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేదేముంది? నువ్వెప్పుడన్నా వంటింట్లోకి తొంగి చూస్తేగా."

నాకు సిగ్గేసింది. పది మీటర్ల దూరంలో మిల్లీమీటరు తేడా పట్టుకుంటానని గొప్పలు పోయేవాణ్ణి. నా ఇంట్లో మనిషి ఏ చెయ్యి వాటమో నాకు తెలియదు. ఇంక నా ముందు దాచొద్దని చెప్పాను. సరేలే అంది. అన్నా గానీ వడ్డించేటప్పుడు కుడి చేత్తోనే వడ్డించింది.

మార్చి 16, ఆదివారం

సారు పాత టేకు కుర్చీ కాలు ఒకటి కోసి, ఆకురాయితో అరగదీసి, మీద ఎం-సీల్ మెత్తి, నా ఎడమ చెయ్యి అందులో అదిమించి ఒక పిస్టల్‌కి పిడి చేశారు. క్లబ్బులో ఎడమచేతి పిస్టల్ ఇదొక్కటే. పదికి 41. రెండు కార్డు దాటి పోయాయి. పక్క లైనులో ఎనిమిదో తరగతి పిల్ల నా కార్డు చూసి, "పర్లేదంకుల్, మొదట్లో అట్టాగే ఉంటది" అని ధైర్యం చెప్పింది.

ఇంటికొచ్చి చెబితే మెహర్, "చేతిని తిప్పబాకయ్యా, ఒళ్ళు తిప్పు. ఎడం కాలు ముందుకెయ్యి" అంది. పిస్టల్ ఎన్నడూ ముట్టుకోని మనిషి. సీసా పట్టుకుని వేసి చూశాను. చెయ్యి నిలబడింది.

మార్చి 23, ఆదివారం

49.

మార్చి 30, ఆదివారం

57. సాయంత్రం నెలవంక కనపడింది. రేపు పండగ.

ఏప్రిల్ 6, ఆదివారం

స్ప్లింట్ ఇవాళ తీశారు. లిడియా మేడమ్ ఆదివారమైనా నా కోసం వచ్చి తీసింది. ముందు నా చెయ్యి వాసన చూసి మరీ ముట్టుకుంది. లిగమెంటు అతుక్కుంది. పిడికిలి బిగుస్తుంది, నిదానంగా. టిక్కీలో కాయ నొక్కడానికి ఈ ఏడాది చివరికి పనికొస్తుందట. కిలో బరువు చాపి పట్టుకోవడం మాత్రం ఇంక ఈ చేత్తో వద్దంది. ఎన్నేళ్ళైనా వద్దంది. తలూపాను. ఈసారి నిజంగానే ఊపాను. కుడి చేత్తో నేను కొట్టిన ఆఖరి షాటు ఆ ముప్పై ఎనిమిదోది, అది తొమ్మిది. చాలు.

పండగ నాడే మెహర్ అడిగింది, "ఆ గోదాములో ఏం చేస్తారో నేనూ ఓసారి చూస్తా" అని. ఐదేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. నేనూ రమ్మనలేదు. ఇవాళ తీసుకెళ్ళాను.

కాసేపు బెంచీ మీద కూర్చుని చూసింది. నేను పది కొట్టాను, 60. సారు ఆమె వైపు తిరిగి, "నువ్వూ ఓ పది కొట్టమ్మా, ఏం పోయిద్ది?" అన్నారు. వద్దంటుందనుకున్నాను. లేచింది. కొంగు బిగించుకుని లైను దగ్గరికొచ్చి, బల్ల మీదున్న నా పిస్టల్ కుడి చేత్తో తీసుకుంది. పిడి అమరలేదు.

"అది ఎడం చేతిదమ్మా" అన్నారు సారు. "వేరేది తెస్తానుండు."

మెహర్ ఒకసారి హాలంతా చూసింది. ఆరుగురున్నాం. తర్వాత నా వంక చూసింది. ఆమె పిస్టల్‌ని ఎడమ చేతిలోకి మార్చుకుంది. పిడి పెద్దదైతే చుట్టూ నా రుమాలు చుట్టుకుంది. ఎడమ కాలు ముందుకి వేసింది. చెయ్యి చాపింది.

ఆ చెయ్యి కదల్లేదు. గరిటె దెబ్బలు తిన్న చెయ్యి, టీ కప్పు కూడా పట్టుకోనివ్వని చెయ్యి, అందరి ఎదుట అలా చాపుకుని నిలబడి ఉంది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. మిర్చి వల్ల కాదు. తుడుచుకోలేదు.

మొదటిది కార్డు అంచున పడింది. రెండోది ఐదు. నాలుగోది తొమ్మిది. పది అయ్యేసరికి 58. నా మొదటి పదికి 41. సారు కార్డు పట్టుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూశారు.

ఇంక నా వంతు అని చెయ్యి చాపాను.

"ఉండవయ్యా, ఇంకో పది" అంది, నా వంక తిరగకుండానే.

ఉన్నాను.